ప్రీస్కూల్ పిల్లలతో థాంక్స్‌గివింగ్ చేతిపనులు: బల్ల మీద ఏం పెట్టమంటారు?

చందు_వాళ్ళమ్మ (ఎడిసన్, న్యూజెర్సీ) | నవంబరు 6, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మావాడికి నాలుగేళ్లు. థాంక్స్‌గివింగ్‌కు రెండు రోజుల ముందు, మంగళవారం పొద్దున, వాళ్ల ప్రీస్కూల్లో చిన్న సంబరం ఉంది. నాలుగు బల్లలు వేస్తారు, ఒక్కో బల్లకు ఒక అమ్మో నాన్నో కూర్చోవాలి. పిల్లలు 16 మంది. నలుగురేసి జట్టుగా వచ్చి, పదిహేను నిమిషాలు కూర్చుని, పక్క బల్లకు వెళ్లిపోతారు. అందరికంటే ముందు చెయ్యెత్తింది నేనే. ఇప్పుడు ఏం చేయించాలో తోచడం లేదు.

ఎక్కడ వెతికినా టర్కీ కోడే కనిపిస్తోంది. అరచేతి టర్కీ, కాగితం పళ్ళెం టర్కీ, బట్టల క్లిప్పుల టర్కీ. మిగతా మూడు బల్లల్లో రెండింటి మీద ఎలాగూ అవే ఉంటాయి. నాకు వేరేదేదైనా కావాలి. మూడున్నర నుంచి అయిదేళ్ల లోపు పిల్లలు సొంతంగా చేయగలగాలి, ఇంత జ్ఞానమూ ఒంటబట్టాలి, రంగు ఆరేదాకా కాపలా కాయాల్సిన పని ఉండకూడదు.

ఇంకొక సందేహం. పక్క బల్ల ఆవిడ అప్పట్లో ఓడలో వలస వచ్చినవాళ్ల వేషానికి నల్ల టోపీలు, ఆదివాసుల వేషానికి ఈకల కిరీటాలు చేయించి, సగం మందికి అవి, సగం మందికి ఇవి పెట్టి ఫొటో తీద్దామంటున్నారు. టీచరు ఔననలేదు, కాదనలేదు. మీ పిల్లల బడుల్లో ఇంకా చేస్తున్నారా?

పలక_బలపం (ఆస్టిన్, టెక్సాస్) | నవంబరు 6, రాత్రి 10:25

చందూ వాళ్ళమ్మగారూ, నా ఉద్యోగమే ప్రీస్కూల్ పిల్లలతో కాబట్టి కొంచెం చనువుగా చెబుతాను.

ఏం చేయించాలన్నది తర్వాత. మొదట టీచరును అలర్జీల సంగతి అడగండి. పిండిముద్దలో గోధుమ ఉంటుంది. కోడిగుడ్ల అట్టపెట్టెలు కొన్ని బడుల్లో రానివ్వరు. ఓక్ చెట్టు కాయలు ఎంత ముద్దుగా ఉన్నా అవీ గింజల జాతే, గింజలు నిషేధమైన గదిలోకి తీసుకెళ్లే ముందు అడగాలి.

మీకు పదిహేను నిమిషాలు ఉన్నాయనుకుంటున్నారు. అందులో కుర్చీ కోసం తగువుకూ, చివర్లో చేతులు తుడవడానికీ అయిదు పోతాయి. మీ చేతికి వచ్చేది పది. కాబట్టి ఎవరి పళ్ళెం వారికి ముందే సర్ది పెట్టుకోండి. నలుగురి మధ్య ఒకే జిగురు సీసా పెట్టారో, ఇక మీ పని తీర్పులు చెప్పడమే. సీసా మూతల్లో కొంచెం కొంచెం జిగురు పోసి, దూదిపుల్ల చేతికిస్తే సరిపోతుంది. పేర్లు కాగితం వెనకాల ముందే రాయించండి. రెండు పళ్ళేలు అదనంగా ఉంచుకోండి, ఎవరో ఒకరు నీళ్లు ఒలకబోస్తారు.

కత్తెర ఇవ్వదలిస్తే, మూడేళ్ల పిల్లలు కాగితం అంచును చిన్నచిన్నగా కత్తిరించగలరు, అంతే. నాలుగేళ్లకు తిన్నని గీత వెంట వెళతారు. వంపు తిరిగిన గీతకు ఇంకా సమయం పడుతుంది. ఈకలు అంటే వంపులు, అక్కడే అమ్మలు కత్తెర లాక్కుంటారు.

నాకు గిట్టనిది ఒకటుంది. కళ్ళు, ముక్కు, ఈకలు అన్నీ ఇంట్లోనే కత్తిరించి తెచ్చి, “ఇది ఇక్కడ అతికించు నాన్నా” అని వేలుపెట్టి చూపించడం. 16 టర్కీలూ ఒకే అచ్చులో పోసినట్టు వస్తాయి. గోడ మీద చూడముచ్చటగా ఉంటాయి, కానీ అవి మీరు చేసినవి. కన్ను తోక మీద అతికిస్తే అతికించనివ్వండి. “ఇక్కడ ఎందుకు పెట్టావు?” అంటే, “వెనకాల ఎవరొస్తున్నారో చూడటానికి” అని చెప్పే పిల్ల ఒకతి ప్రతి తరగతిలోనూ ఉంటుంది.

మంచుకొండ (మినియాపోలిస్) | నవంబరు 7, ఉదయం 7:15

ఆకు ముద్రలు పెట్టండి. రంగు ఉండదు, తడి ఉండదు, ఆరబెట్టే బాధ లేదు.

మాకు నవంబరు చివరికి ఆకులన్నీ మంచు కింద ఉంటాయి కాబట్టి అక్టోబరులోనే ఏరి, వార్తాపత్రికల మధ్య పెట్టి పైన బియ్యం బస్తా ఉంచుతాం. మీకు న్యూజెర్సీలో ఇప్పటికీ ఓక్ ఆకులు దొరుకుతాయి.

చేసే తీరులో ఒకటి రెండు కిటుకులున్నాయి. ఆకును ఈనెలు పైకి వచ్చేలా బోర్లా పెట్టాలి. బల్లకు చిన్న టేపు ముక్కతో అంటించాలి, లేకపోతే రెండో గీతకే జరిగిపోతుంది. పైన పలచని కాగితం పరచి, దాన్నీ రెండు మూలల అంటించాలి. క్రేయాన్‌కు చుట్టిన కాగితం ఒలిచేసి, మొనతో కాకుండా అడ్డంగా పడుకోబెట్టి రుద్దమనాలి. అసలు గమ్మత్తు ఇక్కడే. పిల్లలు మొదట మొన పట్టుకుని గట్టిగా నొక్కుతారు, కాగితం చిరుగుతుంది. అడ్డంగా పట్టుకుని తేలిగ్గా రుద్దిన క్షణాన మధ్య ఈనె కనబడుతుంది, తర్వాత పక్క ఈనెలు ఒక్కొక్కటే పైకి వస్తాయి. మా అమ్మాయి అప్పుడు కాగితం ఎత్తి కింద ఆకు ఇంకా ఉందా లేదా అని చూసింది. మళ్లీ రుద్దింది. మళ్లీ ఎత్తి చూసింది.

అందరివీ ఆకారం వెంట స్థూలంగా కత్తిరించి, దారానికి గుచ్చి గది గుమ్మానికి కట్టండి. మామిడాకులు దొరకని ఊళ్లో మా ఇంటి తోరణం అదే. ఆ ఆకుల వెనకే పిల్లలు ఎవరికి థాంక్స్ చెప్పాలనుకుంటున్నారో రాయించవచ్చు.

ఫ్రిస్కో_నాన్న (టెక్సాస్) | నవంబరు 7, ఉదయం 8:02

మంచుకొండగారి ఊళ్లో ఆకులు మంచు కింద, మా ఊళ్లో ఆకులు ఇంకా పచ్చగా చెట్టు మీద. లైవ్ ఓక్ అయితే చలికాలమంతా పచ్చగానే ఉంటుంది. పుస్తకాల్లో ఎర్రటి ఆకులు చూసి మా పిల్లలు అవి బొమ్మల లోకంలోనివే అనుకుంటారు.

మాలాంటి వాళ్లకు కాఫీ ఫిల్టర్ ఆకులు మేలు. తెల్లని కాఫీ ఫిల్టర్ మీద నీటితో చెరిగిపోయే మార్కర్లతో ఎలాగంటే అలాగ రంగు పూయించి, నీళ్లు చిలకరిస్తే రంగులు పాకి కలిసిపోతాయి. చెరగని మార్కరు వాడితే నీళ్లకు కదలదు, పెట్టె మీద చూసి కొనండి. నల్ల మార్కరుతో ఒక చుక్క పెట్టి నీళ్లు చల్లితే చాలావాటిలో నీలం, ఊదా రంగులు విడిపోతాయి. నలుపులో ఇన్ని రంగులున్నాయా అని పెద్దవాళ్లు కూడా వంగి చూస్తారు. కాకపోతే ఆరడానికి గంట పడుతుంది. మీ పదిహేను నిమిషాల బల్లకు పనికిరాదు, ఇంట్లో చేసుకోండి.

పాలమూరు_తాత (ప్రస్తుతం కేరీ, నార్త్ కరోలినా) | నవంబరు 7, మధ్యాహ్నం 2:30

అమ్మా, నేను మనవరాలి కోసం వచ్చి ఆరు నెలలు ఇక్కడ ఉండబోతున్నాను. బళ్లో పంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి, ఇంటి దగ్గర సేద్యమూ ఉంది. మీ మాటలు చదివి నాకు తోచింది చెబుతున్నాను.

ఇక్కడి కొట్లలో ఈ రోజుల్లో ఎరుపు, నీలం, పసుపు గింజలు కలిసిన ఎండు మొక్కజొన్న కంకులు అమ్ముతున్నారు. గుమ్మానికి అలంకారంగా కడతారట. నేను రెండు కొని మనవరాలి ముందు పెట్టాను. కంకి వలవడం ఎంత మంచి పనో మీకందరికీ తెలుసు. మొదటి వరస ఊడదు. పెద్దవాళ్లు బొటనవేలితో రెండు గింజలు ఊడదీసి దారి చేసివ్వాలి. ఆ తర్వాత పక్క వరసను ఆ ఖాళీలోకి నెట్టడం పిల్లకు చేతనవుతుంది. వేళ్లకు బలం వస్తుంది, పెన్సిలు పట్టడానికి ఇంతకంటే సాధన ఏముంది? వలిచిన గింజలు రంగుల వారీగా గిన్నెల్లో వేయించాను, తర్వాత నేల మీద సుద్దతో గీసిన ముగ్గు గీతల వెంట పేర్పించాను. అరగంట నోరు మెదపలేదు.

ఇంకొక సంగతి. ఈ దేశపు ఆదివాసులు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి ఒకే మడిలో వేసేవారని, వాటిని ముగ్గురు అక్కచెల్లెళ్లు అంటారని మా అబ్బాయి చెప్పాడు. చిక్కుడు తీగ మొక్కజొన్న కాడను పట్టుకుని ఎక్కుతుంది, నేలకు నత్రజనిని ఇస్తుంది. గుమ్మడి ఆకులు నేలను కప్పి కలుపును రానివ్వవు, తడి ఆరనివ్వవు. మేం జొన్న సాళ్ల మధ్య కంది వేసేది కొంతవరకు ఈ లెక్కతోనే. అంత దూరాన ఉన్న రైతు, ఇక్కడి రైతు ఒకరినొకరు చూడకుండానే ఇదే పని చేశారు. గాజు గ్లాసులో తడి కాగితం పెట్టి, గాజుకూ కాగితానికీ మధ్య చిక్కుడు గింజ, మొక్కజొన్న గింజ ఉంచితే వారంలో వేళ్లు కనబడతాయి. పండగకు ముందు వారం మొదలుపెట్టించండి.

గోదారి_గట్టు (బోస్టన్ దగ్గర) | నవంబరు 7, సాయంత్రం 6:10

తాతగారూ, నమస్కారం. మీరు ఇక్కడ తరచుగా రాయాలి.

మీ మాటకు చిన్న తోక. మొక్కజొన్న ఒక్కటే కాదు, మిరప, టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, జీడిమామిడి అన్నీ ఈ అమెరికా ఖండాల్లోని ఆదివాసులు తరతరాలుగా పండించుకున్నవే. కొలంబస్ తర్వాతే సముద్రం దాటి మన దగ్గరికి వచ్చాయి. ఆవకాయలో కారం వాళ్ల చలవే. ఇక్కడి తెలుగు ఇళ్లలో థాంక్స్‌గివింగ్ ఎందుకు చేసుకోవాలని ఎవరైనా అడిగితే నేను చెప్పే జవాబు ఇదే. అయిదేళ్ల పిల్లలకు కూడా బాగా ఎక్కుతుంది. వంటింట్లోంచి ఆరు వస్తువులు తెచ్చి బల్ల మీద పెట్టి, ఏవి ఈ నేల నుంచి వచ్చాయో ఊహించమనండి. మిరియాలు మాత్రం మనవే అన్నప్పుడు మా కవలలిద్దరూ చప్పట్లు కొట్టారు.

ఫ్రిస్కో_నాన్న | నవంబరు 7, సాయంత్రం 6:48

తాతగారి కంకి సలహాకు ఒక హెచ్చరిక జోడిస్తాను. గింజలు ముక్కులోకి, చెవిలోకి వెళతాయి. ఇంట్లో ఇద్దరు ముగ్గురి ముందైతే పరవాలేదు. బళ్లో కలివిడి వయసుల పిల్లలు, పైగా తమ్ముళ్లూ చెల్లెళ్లూ వస్తారు. ఆ బల్లకు వలిచిన గింజలు వద్దు. దాని బదులు కంకిని గింజలతోనే రంగులో పొర్లించి కాగితం మీద దొర్లించండి, అచ్చు చాలా బాగా పడుతుంది. కంకి రెండు కొసలా పట్టుకోవడానికి చిన్న గుచ్చులు గుచ్చితే అప్పడాల కర్రలా దొర్లుతుంది.

పాప్‌కార్న్ కూడా నాలుగేళ్ల లోపు వాళ్లకు పెట్టవద్దని ఇక్కడి పిల్లల డాక్టర్లు చెబుతారు. గొంతులో అడ్డం పడుతుంది. పండగ పళ్ళెంలో ఎవరో ఒకరు అది తెస్తూనే ఉంటారు.

నిమ్మకాయ (సాన్ హోసే) | నవంబరు 7, రాత్రి 11:05

అంతా బాగుంది గానీ, ఈకల కిరీటం గురించి అడిగిన ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వరేమిటి? నేనిస్తాను. పెట్టుకోనివ్వండి. మూడేళ్ల పిల్లవాడికి కాగితం కిరీటం దొరికితే సంతోషం. అందులో చరిత్ర, న్యాయం, పాపం అన్నీ వెతికితే ఇక పండగలన్నీ మానుకోవాలి. మన పిల్లలు బళ్లో కృష్ణుడి వేషం వేసుకుంటే మనం మురిసిపోవడం లేదా? ఇక్కడికి వచ్చి ప్రతిదానికీ బెదిరిపోవడం మనవాళ్లకు అలవాటైంది.

గోదారి_గట్టు | నవంబరు 8, ఉదయం 6:30

నిమ్మకాయగారూ, పులుపు బాగుంది. కానీ కృష్ణుడి వేషం వేసేది కృష్ణుడిని కొలిచేవాళ్లు, వాళ్ల ఇంట్లో, వాళ్ల ఇష్టంతో. అది వేరు.

నేను బెదిరి చెప్పడం లేదు, ఆ కిరీటం తప్పు గనక చెబుతున్నాను. ఈ పండగకు మూలమని చెప్పుకునే విందు 1621లో ప్లిమత్‌లో పంట కోతల తర్వాత జరిగింది, దానికి వచ్చిన ఆదివాసులు వాంపనోగ్ జాతివాళ్లు. ఇప్పుడు మసాచుసెట్స్ ఆగ్నేయ భాగమైన ఊళ్లు వాళ్లవి. చుట్టూ నిలువు ఈకల పెద్ద కిరీటం వాళ్లు పెట్టుకునేది కాదు. అది లకోటా వంటి మైదాన ప్రాంతపు జాతులది, అక్కడినుంచి చాలా దూరం. వాళ్లలోనూ అది సంపాదించుకోవలసిన గౌరవం, అందరూ పెట్టుకునేది కాదు. ఎవరో అమెరికావాళ్లు భారతీయుల పండగ అని చెప్పి మన పొంగలి ముందు పిల్లలందరికీ పంజాబీ తలపాగాలు చుట్టి, సరిగ్గా చేశామా అని మనల్ని అడిగితే ఏమంటాం?

ఆ విందు గురించి ఆ కాలపు సాక్ష్యం చాలా కొంచెం. ఎడ్వర్డ్ విన్‌స్లో అనే వలసదారు అదే డిసెంబరులో రాసిన ఉత్తరంలో కొన్ని వాక్యాలున్నాయి. మసాసాయిట్ అనే నాయకుడు తొంభై మందితో వచ్చాడు, మూడు రోజులు విందు జరిగింది, వాళ్లు అయిదు జింకల్ని వేటాడి తెచ్చారు, వలసవాళ్లు పక్షుల్ని కొట్టి తెచ్చారు. పక్షులంటే టర్కీయే అని ఆ ఉత్తరంలో లేదు. గుమ్మడితో చేసే ‘పై’ అనే తీపి వంటకం కూడా తర్వాతి ముచ్చటే. బల్ల మీద పెట్టే చాలా వస్తువులు తర్వాత చేరాయి. నవంబరు చివరి గురువారాన్ని జాతీయ థాంక్స్‌గివింగ్‌గా 1863లో లింకన్ ప్రకటించాడు. నాలుగో గురువారం అన్న లెక్క 1941లో చట్టమైంది.

ఇంకో సంగతి కూడా తెలిసి ఉండటం మంచిది. 1620లో వచ్చిన ఓడలో 102 మంది ప్రయాణికులుంటే, మొదటి చలికాలానికే దాదాపు సగం మంది పోయారు. వాళ్లు ఊరు కట్టుకున్న చోట అంతకు ముందు పటుక్సెట్ అనే వాంపనోగ్ గ్రామం ఉండేది, నాలుగేళ్ల ముందు నుంచి పాకిన జబ్బులు దాన్ని ఖాళీ చేశాయి. ఆ గ్రామం నుంచి మిగిలిన టిస్క్వాంటమ్ అనేవాడే కొత్తవాళ్లకు మొక్కజొన్న నాటడం నేర్పాడు. అక్కడి నుంచి తర్వాతి దశాబ్దాలు ఎంత చేదుగా నడిచాయో మీకు తెలుసు. 1970 నుంచి థాంక్స్‌గివింగ్ రోజునే ప్లిమత్‌లో ఆదివాసులు సంతాప దినం పాటిస్తున్నారు.

నిమ్మకాయ | నవంబరు 8, ఉదయం 9:20

చదివాను. ఈకల సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ ఇదంతా మూడున్నరేళ్ల పిల్లకు ఎలా చెబుతారు? జబ్బు, చావు, సంతాపం? చెప్పకుండా కాగితం ఆకు రుద్దించి పంపడమే మేలు కదా.

పలక_బలపం | నవంబరు 8, ఉదయం 10:45

చావులు చెప్పం. అబద్ధమూ చెప్పం. ఈ రెంటికీ మధ్య చాలా చోటుంది.

నేను మా తరగతిలో చెప్పేది ఇంచుమించు ఇలా ఉంటుంది: “చాలా ఏళ్ల క్రితం కొంతమంది పెద్ద ఓడలో సముద్రం దాటి వచ్చారు. అప్పటికే ఇక్కడ వాంపనోగ్‌లు అనే మనుషులు ఉండేవారు, వాళ్ల ఇళ్లు, పొలాలు, పిల్లలు ఇక్కడే. వాళ్లకు ఈ నేలలో ఏది ఎప్పుడు పండుతుందో తెలుసు. కొత్తవాళ్లకు మొక్కజొన్న నాటడం నేర్పారు. పంట చేతికొచ్చాక కలిసి తిన్నారు. వాంపనోగ్‌లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ల పిల్లలు కూడా మీలాగే బడికి వెళతారు.” అంతే. చివరి వాక్యం మాత్రం వదలవద్దు. మనం ‘ఉండేవారు’ అని ఆపేస్తే పిల్లలు వాళ్లను డైనోసార్ల పక్కన పెట్టేస్తారు. మార్తాస్ వినియార్డ్ దీవిలోని అక్వినా వాంపనోగ్‌లు ప్రతి అక్టోబరులో క్రాన్‌బెర్రీ రోజు చేసుకుంటారు, పిల్లలకు బడి సెలవు పెట్టించి పళ్లు కోయడానికి తీసుకెళతారు. నేను ఆ ముచ్చట చెబితే మా పిల్లలందరికీ ఆ బళ్లో చేరాలని ఉంటుంది.

ఇక టీచరు ఔను కాదు అనకపోవడం గురించి. చందూ వాళ్ళమ్మగారూ, ఆవిడ మీ నోటి నుంచి రావాలని చూస్తున్నారేమో. “కిరీటాల బదులు ఓడ, మొక్కజొన్న పొలం చేద్దామా?” అని పక్క బల్ల ఆవిడకు మీరే చెప్పండి. తప్పు పట్టినట్టు కాకుండా, ఇంకో ఆలోచన ఇచ్చినట్టు ఉంటుంది. పాల డబ్బా అట్టతో ఓడ చేసి, నీళ్ల తొట్టెలో ఎన్ని బొమ్మల్ని ఎక్కిస్తే మునుగుతుందో లెక్కపెట్టిస్తే, టోపీల కంటే ఎక్కువ సేపు కూర్చుంటారు.

ఫ్రిస్కో_నాన్న | నవంబరు 8, మధ్యాహ్నం 12:15

చరిత్ర అయింది కాబట్టి ఇంటి పని గోడు వెళ్లబోసుకుంటాను. బడి నుంచి కాగితం టర్కీ బొమ్మ ఒకటి పంపుతారు చూడండి, ‘దీన్ని ఎవరూ వండుకోకుండా మారువేషం వేసి తీసుకురండి’ అని. మీలో ఎంతమందికి వచ్చింది?

గత ఏడాది మా పెద్దదానికి వచ్చింది. నేను దర్జాగా హరిదాసు వేషం వేయిద్దామని కూర్చున్నాను. తల మీద అక్షయపాత్ర, చేతిలో చిడతలు, మెడలో దండ. మా అమ్మాయి ఒప్పుకోలేదు. దానికి గంగిరెద్దు కావాలి. సరే, పాత చీర అంచు ముక్కలు, అద్దాలు, గవ్వల బదులు బొత్తాలు ఇచ్చాను. రెండు కొమ్ములూ ఒకవైపే అతికించింది. మధ్యలో దాని తోక కత్తిరించి, ఎద్దుకు ఇంత తోక ఉండదు అంది. బడికి వెళ్లి చూస్తే, మిగతా బొమ్మలు బజారులో కొన్నట్టు మెరిసిపోతున్నాయి. ఒక రాకెట్టుకు లైట్లు కూడా వెలుగుతున్నాయి. నాలుగేళ్ల పిల్లలు తీగలు కలిపి లైట్లు పెట్టారంటే నమ్మాలి మరి. మా గంగిరెద్దు దగ్గర మాత్రం పిల్లలు ఆగి, ఇది ఏం చేస్తుంది అని అడిగారు. మా అమ్మాయి తల ఊపి చూపించింది.

మంచుకొండ | నవంబరు 8, మధ్యాహ్నం 12:40

లైట్ల రాకెట్టు మా ఊళ్లోనూ ఉంది. ప్రతి తరగతికి ఒకటి కేటాయిస్తారనుకుంటాను.

వీణ_టొరంటో | నవంబరు 8, సాయంత్రం 5:00

కెనడాలో మా థాంక్స్‌గివింగ్ అక్టోబరు రెండో సోమవారమే అయిపోయింది, కాబట్టి మీకంటే ముందే అన్నీ ప్రయత్నించేశాం. బాగా నచ్చింది వెన్న తీయడం. కప్పు చిక్కని క్రీమ్, మూత బిగుతుగా పట్టే సీసా, అంతే. సీసా సగానికి మించి నింపవద్దు, క్రీమ్‌ను ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట ఉంచండి. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు ఊపాలి.

చెవి పెట్టి వినమనండి. మొదట గలగలమంటుంది. కాసేపటికి చప్పుడు ఆగిపోతుంది, లోపల నురగ గట్టిపడి సీసాకు అంటుకుంటుంది. అక్కడ అందరూ పాడైపోయిందనుకుని ఆపేస్తారు. ఆపకూడదు. ఇంకొంచెం ఊపితే ఉన్నట్టుండి టప్ అని ముద్ద విడిపోయి, చుట్టూ పలచని మజ్జిగ. మొత్తం పది పదిహేను నిమిషాలు పడుతుంది. కప్పు క్రీమ్‌కు అరకప్పుకు కొంచెం తక్కువ వెన్న వస్తుంది. బిస్కెట్ల మీద రాసి తినిపించండి. మా అత్తగారు వీడియో కాల్‌లో చూసి, కవ్వం లేకుండా వెన్న తీస్తున్నారా అని ఒకటే నవ్వు.

పాల అలర్జీ ఉన్న పిల్లలుంటే మాత్రం మానేయండి.

చందు_వాళ్ళమ్మ | నవంబరు 8, రాత్రి 9:15

ఇంతమంది ఇంత ఓపికగా రాశారు, చాలా సంతోషం. టీచరుకు ఫోను చేశాను. తరగతిలో ఒక బాబుకు పాలు, ఒక పాపకు గింజలు పడవు. వెన్న, ఓక్ కాయలు రెండూ పోయాయి. కిరీటాల సంగతి పలక_బలపంగారు చెప్పినట్టే ఎత్తాను. పక్క బల్ల ఆవిడ అట్ట ఓడకు వెంటనే ఒప్పుకున్నారు, అసలు ఆవిడకూ ఈకలు అంటించడం బెంగగానే ఉందట.

ఆకు ముద్రలు ఖాయం చేస్తున్నాను. కానీ ఆకులు రుద్దడం అయిదు నిమిషాల్లో ముగించేసే పిల్లలు ఉంటారు కదా, మావాడే మొదటివాడు. మిగిలిన సమయానికి ఏదైనా చెప్పండి. ఇంకొకటి, ‘నువ్వు ఎవరికి థాంక్స్ చెబుతావు?’ అని ఇంట్లో అడిగి చూశాను. “చెత్త లారీకి” అన్నాడు.

పలక_బలపం | నవంబరు 8, రాత్రి 10:00

చెత్త లారీ అని అలాగే రాయండి. దయచేసి దాన్ని ‘అమ్మానాన్నలకు’ అని దిద్దకండి. లారీ రాకపోతే ఏమవుతుందో వాడు చూశాడు కాబట్టే అన్నాడు.

ఈ వయసులో కృతజ్ఞత అన్న ఊహ ఇంకా గాలిలో ఉంటుంది. ప్రశ్నను కిందికి దించాలి. “ఇవాళ నీకు ఎవరు సాయం చేశారు? ఏం చేశారు?” అంటే జవాబు వస్తుంది. బూటు దారం కట్టిన వాచ్‌మన్ మామ, అన్నం పెట్టిన అమ్మమ్మ, జారుడుబల్ల మీద చోటిచ్చిన స్నేహితుడు. మీరు పెన్ను పట్టుకుని వాళ్లు అన్నది అన్నట్టు రాయాలి, వాళ్లు తెలుగులో అంటే తెలుగులోనే. తాము అన్న మాట కాగితం మీదికి ఎక్కడం కళ్లారా చూడటమే చదువుకు మొదటి మెట్టు. ఈ వయసులో అక్షరాలు దిద్దించడం కంటే నేను దీనికే ఓటేస్తాను.

అమ్మమ్మా నాన్నమ్మల పేరు వస్తే, ఆ ఆకును ఫోనులో వాళ్లకే చూపించవచ్చు. ఇప్పుడు మీ గడియారం కంటే ఇండియా పదిన్నర గంటలు ముందుంది, మీ ఉదయం ఎనిమిదికి వాళ్లకు సాయంత్రం ఆరున్నర.

గోదారి_గట్టు | నవంబరు 8, రాత్రి 10:20

మిగిలిన సమయానికి క్రాన్‌బెర్రీలు పెట్టండి. ఒక వెడల్పాటి గిన్నెలో నీళ్లు, పక్కన క్రాన్‌బెర్రీలు, ఒక చిక్కుడు గింజ, ఓ నాణెం, ఒక ఆకు, పిడికిలంత చిన్న గుమ్మడికాయ. ఒక్కొక్కటీ చేతికిచ్చి, నీళ్లలో వేయకముందు, తేలుతుందా మునుగుతుందా అని అడగండి. గుమ్మడికాయ బరువు చూసి అందరూ మునుగుతుందంటారు. అది తేలుతుంది. ఇక ఆ నలుగుర్నీ బల్ల దగ్గర నుంచి లేపడం మీ వల్ల కాదు.

తర్వాత ఒక క్రాన్‌బెర్రీని అడ్డంగా కోసి చూపించండి. లోపల నాలుగు గాలి గదులుంటాయి, తేలేది అందుకే. రైతులు కోతల వేళ తోటలోకి నీళ్లు వదిలి, పళ్లను తేల్చి ఒక పక్కకు తోడుతారు. మీకు దూరం పోనక్కర్లేదు, మీ న్యూజెర్సీలోనే పైన్ బారెన్స్‌లో ఆ తోటలున్నాయి. తాజా పండు నేల మీద వేస్తే గెంతుతుంది కూడా. గుండ్రంగా, గట్టిగా ఉంటాయి కాబట్టి నోట్లో పెట్టుకోకుండా మాత్రం మీరు పక్కనే ఉండాలి. ఒకసారి కొరికితే ఆ పులుపుకు మళ్లీ పెట్టుకోరనుకోండి.

పాలమూరు_తాత | నవంబరు 9, ఉదయం 5:50

మా కోడలు నిన్న వాటితోనే పప్పు చేసింది. అచ్చంగా వాక్కాయ పప్పే. నాకు చెప్పకపోతే తెలిసేది కాదు.

చందు_వాళ్ళమ్మ | నవంబరు 9, ఉదయం 7:30

గోదారి_గట్టు గారూ, ఇదే పెడుతున్నాను. ఒక వైపు ఆకులు, ఒక వైపు నీళ్ల గిన్నె. కింద పాత దుప్పటి పరుస్తాను. తాతగారూ, పప్పుకు కొలత చెప్పండి, బల్ల మీద మిగిలినవి ఏం చేయాలా అనుకుంటున్నాను.

పాలమూరు_తాత | నవంబరు 9, ఉదయం 8:10

కోడలిని అడిగి రాస్తున్నాను. కప్పు కందిపప్పుకు ముప్పావు కప్పు పళ్లు చాలు, అంతకు మించితే నోట్లో పళ్లు పులుస్తాయి. పప్పుతో కలిపి ఉడికించవద్దు, పప్పు సరిగా ఉడకదు. విడిగా పచ్చిమిర్చి, ఉప్పు, పసుపుతో మగ్గబెట్టి, మెత్తబడ్డాక ఉడికిన పప్పులో కలపాలి. చిన్న బెల్లం ముక్క. తాలింపులో వెల్లుల్లి, ఇంగువ. పిల్లలు తడిమినవి మాత్రం బాగా కడగండి.

మంచుకొండ | నవంబరు 9, ఉదయం 8:35

పండగ వారం కొట్లో క్రాన్‌బెర్రీలు ఉంటాయన్న నమ్మకం లేదు, ఇప్పుడే రెండు సంచులు కొనండి. ఒకటి ఫ్రీజర్‌లో వేసుకోండి, అది పప్పుకు. గెంతించే ఆటకు రెండో సంచి ఫ్రిజ్‌లో కింది అరలోనే ఉంచండి, గడ్డకట్టి కరిగినవి మెత్తబడి గెంతవు.